కుడిచేతి మంత్రం

మా తమ్ముడు ఆ పెట్టెను మా కొండల మీదికి వచ్చే కిరండూల్ రైలుబండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. సొరంగం వచ్చినప్పుడల్లా చీకట్లో ఎవరైనా లాక్కుపోతారేమోనని రెండు చేతులతో కావలించుకుని కూర్చున్నాడట. వాడు విశాఖపట్నంలో టీవీలూ ఫోన్లూ బాగుచేసే షాపులో పని చేస్తాడు. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ మొహం చూపించని వీడియో గేమ్ అది. చోటు తినేస్తోంది, పట్టుకుపొమ్మన్నాడట యజమాని. పిల్లలున్న అక్కలు వాడికి ఇంకా ఉన్నారు. అయినా వాడికి నేనే గుర్తొచ్చాను. చిన్నప్పుడు గోలీలాటలో ఓడిపోయినప్పుడల్లా వాణ్ణి కొట్టింది నేనే కాబట్టి, ఆటంటే అంత పిచ్చి ఉన్నది ఇంట్లో నాకొక్కదానికే అని వాడి లెక్క.

లెక్క తప్పు కాదు. ఒక నల్లపెట్టె, టీవీ మీద కూర్చునే చిన్న కెమెరా, చేత్తో పట్టుకునే కడ్డీ. కడ్డీ కొసన నిమ్మకాయంత బుడగ, స్విచ్ వేస్తే దీపంలా వెలుగుతుంది. బొత్తాలు నొక్కే పని తక్కువ. మన చెయ్యి ఎటు కదిలితే టీవీలో బొమ్మ చెయ్యి అటు కదులుతుంది. పెట్టెతో పాటు వచ్చింది ఒకే ఒక్క ఆట, మంత్రాల ఆట. ఒక పాత కోట, దాన్నిండా భూతాలు. మన చేతిలో కడ్డీయే మంత్రదండం. విదిలిస్తే నిప్పురవ్వ, గుండ్రంగా తిప్పితే సుడిగాలి, కిందినుంచి పైకి ఎత్తితే బండరాయి గాల్లోకి లేస్తుంది.

నేను పక్క ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. నాకు ముక్కు మీద కోపం. బళ్లో దాన్ని రోజంతా దిగమింగుకుని ఉండాలి, లేకపోతే పిల్లలు రారు. ఇంటికొచ్చి, టీ తాగి, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని భూతాల మీద పడేదాన్ని. ఒక్కో భూతానికి ఆ రోజు నన్ను విసిగించినవాళ్ల మొహం ఒకటి తగిలించేదాన్ని. ఆ నెలల్లో నేను బయటివాళ్లెవరితోనూ పెద్దగా గొడవ పడలేదు. మా ఆయన ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని మురుస్తాడు.

మూలనున్న నులకమంచం మీంచి ఈ తతంగమంతా మా అత్త చూసేది.

ఆ చలికాలం మొదట్లో ఒక పొద్దున్న కాఫీపళ్లు కోస్తూ కోస్తూ ఆమె తోటలోనే కూలబడిపోయింది. పక్షవాతం. కాలు త్వరగానే సర్దుకుంది, కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచేది. మాటయితే ఆస్పత్రి మంచం మీదే తిరిగొచ్చింది, అదీ మమ్మల్ని తిట్టడంతోనే మొదలైంది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఒళ్లో పెడితే ఒళ్లో ఉండేది, మంచం మీద పెడితే మంచం మీద ఉండేది.

ఆమె అన్నం తినడం మేం చూసి చాలాకాలమైంది. చూడనిచ్చేది కాదు. ఎడంచేత్తో తినాల్సొచ్చిందని ఆమెకు చావంత సిగ్గు. కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, తలుపు చేరేసి, గోడ వైపు తిరిగి తినేది. నేను తినిపిస్తానంటే నోరు బిగించేది. ఒకసారి మా ఆయన ఏదో తీసుకోవడానికి లోపలికి వెళ్తే, ఆకలి లేదని కంచం పక్కకి తోసేసింది. ఆ రోజంతా మరి తినలేదు. పెళ్లికి పిలిచినా, చావుకి పిలిచినా, నలుగురు కూర్చుని తినే చోటికి వెళ్లడం మానేసింది. అంతకుముందు ఏ ఇంట్లో పండగైనా మొదటి బంతికి వడ్డించే మనిషి ఆమె. మనిషి రోజురోజుకీ చిక్కిపోతుంటే నాకు దిగులు పట్టుకుంది. పని చెయ్యకపోయినా పరవాలేదు, నలుగురిలో కూర్చుని కడుపునిండా తింటే చాలు. అంతకంటే నేను ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

ఆస్పత్రిలో చేతికి కసరత్తు నేర్పిన అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ నొక్కించమని చెప్పింది. అత్త ఆ బంతిని రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని చూసింది.

"తినడానికి పండు కాదు, ఇసరడానికి రాయి కాదు. దీన్నేటి సెయ్యాలే?" అంది. తర్వాత ఆ బంతి మంచం కిందికి వెళ్లి, అక్కణ్ణించి కోడిపిల్లల గంపలోకి వెళ్లింది. బతిమాలాను, కసిరాను, అలిగాను. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, ఆ రోజుల్లో నేను ఉత్తమురాలిని కానని ఊరంతటికీ వినబడేది.

కానీ నేను ఆట మొదలుపెడితే మాత్రం అత్త కళ్లు టీవీని వదిలేవి కావు. నాకు వంకలు పెట్టడం ఆమెకు కొత్త ఉద్యోగమైంది.

"ఒలే, ఆలేటి సేసినారే నీకు? ఆల కోటలో ఆలున్నారు. నివ్వెల్లి తలుపులు తన్ని మరీ కొడతన్నావు."

"వాళ్లు భూతాలత్తా."

"అయితే? బూతాలకి ఇల్లుండదేటి?"

ప్రతి చెట్టూ గట్టూ ఎవరో ఒకరి ఇల్లేననుకునే కొండల్లో పుట్టిన మనిషికి ఆ ప్రశ్న రావడంలో వింతేమీ లేదు. అదే కొండల్లో పుట్టిన నాకు రాకపోవడమే వింత.

ఒక ఆదివారం మా ఆయన సంతకి వెళ్లాడు. నేను ఒక రెక్కల భూతం చేతిలో వరసగా ఓడిపోతున్నాను. వెనకనుంచి అత్త, అలా కాదు ఇలా కాదు అంటూ ప్రాణం తీస్తోంది. నాకు తిక్క రేగింది. "మాటలెందుకు? నువ్వే ఆడి చూపించు" అని కడ్డీ తీసుకెళ్లి ఆమె ఎడంచేతిలో పెట్టాను.

నిప్పు తగిలినట్టు దాన్ని మంచం మీదికి వదిలేసింది.

"ఎడం సేత్తోనా? మంత్రం ఎడం సేత్తో ఏత్తారేటే ఎక్కడైనా? కిటికీలోంచి ఎవులైనా సూత్తే సిల్లంగి అనరా?"

చిల్లంగి అంటే ఎదుటివాళ్లకి కీడు చెయ్యడానికి పెట్టే మంత్రం. బయటివాళ్లకి అది కథలా ఉంటుందేమో, మా దగ్గర ఆ మాట ఎవరూ నవ్వుతూ అనరు. ఆ పేరు పడిన మనిషి మళ్లీ ఊళ్లో తలెత్తుకోవడం కష్టం. పైగా అత్త తండ్రి తేలు కుట్టినవాళ్లకి మంత్రం వేసే మనిషి. వేపమండ కుడిచేత్తో పట్టుకుంటే మంచి, ఎడంచేత్తో పట్టుకుంటే చెడు అని చూస్తూ పెరిగింది.

"ఇది ఆటత్తా. టీవీలో ఆట" అన్నాను.

"ఆటే గావొచ్చు. మంత్రమని నివ్వే కదే సెప్పినావు?"

కడ్డీ తీసుకుని వెళ్లిపోబోతుంటే ఆమె మంచం మీంచి నా కొంగు పట్టుకుని ఆపింది.

"ఇలాగియ్యి. కుడి సేతికియ్యి."

అది పట్టదు కదత్తా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎలా మింగానో నాకే తెలీదు. ఇన్ని నెలల్లో ఆ చెయ్యి కావాలని ఆమె అడగడం అదే మొదలు. ఆమె వేళ్లు ఒక్కొక్కటీ మడిచి కడ్డీ చుట్టూ పెట్టాను. జారిపోయాయి. మళ్లీ పెట్టాను. చివరికి పాతచీర పీలిక ఒకటి చింపి, చేతినీ కడ్డీనీ కలిపి వదులుగా కట్టాను. అప్పుడు నిలిచింది.

కానీ ఆట ఒప్పుకోలేదు. మొదలుపెట్టే ముందు అది మనిషి కొలతలు అడుగుతుంది. కడ్డీని భుజం దగ్గర పెట్టి చూపించు, నడుం దగ్గర పెట్టి చూపించు అని. అత్త చెయ్యి ఒళ్లోంచి జానెడు కూడా లేవదు. తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, భుజం దగ్గరే పెట్టాలని రూలేటి? అత్త సెయ్యి ఎందాకా వత్తే అదే భుజమని సూపించీ. దానికేటి తెలుస్తాది?" అన్నాడు వాడు.

నిజమే, దానికేమీ తెలియలేదు. భుజం అడిగితే పొట్ట చూపించాం, నమ్మేసింది. వేలెడు పొడుగు మనిషి ఎవరో వచ్చి తన ముందు కూర్చుందనుకుని, కోటనీ భూతాల్నీ ఆమె చేతికి అందేలా సర్దిపెట్టింది. అత్త మోచెయ్యి మంచం మీద ఆనించి, పళ్లు కొరుక్కుని, మణికట్టుని ఇంత కదిలించింది. టీవీలో దండం గిర్రున లేచి నిప్పురవ్వ వదిలింది. అది పోయి ఒక మూలనున్న కుండకి తగిలి, కుండ పెళ్లున పగిలింది.

"అయ్యో, ఆల కుండ" అంది అత్త. అని, నవ్వింది. జబ్బు చేశాక మూతి కాస్త ఒక పక్కకి పోయింది గదా, నవ్వు కూడా ఆ పక్కకే పోయింది. అంత అందమైన నవ్వు నేను చూడలేదు.

ఆ రోజునుంచి పద్ధతులన్నీ ఆమెవే. ఆడే ముందు కాళ్లు కడుక్కోవాలి. ఊరి దేవతకి ఒక మాట చెప్పుకోవాలి. ఆట అయిపోగానే పెట్టె ఆపెయ్యకూడదు. మంత్రం వేసి రప్పించినవాళ్లని మంచిగా పంపించాలి, వాళ్ల నాన్న చెప్పిన మాట అది. భూతాలకి ఎదురుగా కూర్చుని, "ఎల్లండి బాబూ, ఎల్లండి, మీ ఇల్లు మీకే" అని సాగనంపి, అప్పుడు నాకు సైగ చేసేది. ఒకసారి మధ్యాహ్నం వాన మొదలై ఆట మధ్యలో కరెంటు పోయింది. భూతాలకి పంపకం జరగలేదు. ఇక చూడండి, కరెంటొచ్చేదాకా మంచం దిగదు, నన్ను దిగనివ్వదు. పొయ్యి మీద చోడి అంబలి మాడిపోయింది. కరెంటొచ్చాక మళ్లీ పెట్టె పెట్టి, కోట తలుపు దాకా వెళ్లి, మధ్యలో వదిలేసినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి, ఆపించింది. నేను లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ అంతసేపూ కడ్డీ ఆమె కుడిచేతిలోనే ఉంది.

కొలతలు మాత్రం అప్పుడప్పుడు మార్చేవాళ్లం. భుజం అడిగితే మొదట పొట్ట చూపించామా, తర్వాత డొక్కల దగ్గర చూపించాం, ఆ తర్వాత గుండె దగ్గర. కొలత పెరిగినప్పుడల్లా ఆట కష్టమయ్యేది. అత్త తిట్టేది, మర్నాటికి అందుకునేది. చీర పీలిక ఎప్పుడు విప్పేశామో నాకు గుర్తు లేదు. గుర్తు పెట్టుకోవాల్సింది. పక్కింటావిడ చిక్కుడుకాయలు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోంచి వింతగా చూస్తే, అత్త చెయ్యెత్తి చూపించింది.

"కుడి సేయేనమ్మా, కుడి సేయే" అంది, ముందుజాగ్రత్తగా.

ఆవిడ నవ్వుతూ వచ్చి మంచం చివర కూర్చుంది. మర్నాటినుంచి రోజూ అక్కడే.

ఆస్పత్రి అమ్మాయి చెయ్యి పట్టి చూసి, ఏం చేయిస్తున్నారని అడిగింది. చెప్పాను. చాలాసేపు నవ్వింది. "ఆటలో మహిమేమీ లేదు మేడమ్. పదే పదే కదలాలి, అంతే. బంతితో అయినా ఇదే వచ్చేది" అంది. బంతి కోళ్లగంపలో ఉన్న సంగతి నేను చెప్పలేదు. ఆ అమ్మాయి అన్నది నిజమే. కాకపోతే బంతితో అత్తచేత పదే పదే ఎవరు చేయించగలిగారు?

మధ్యలో మా ఆయన కొంప ముంచాడు. ప్రేమతోనే ముంచాడు. అత్త సుడిగాలి మంత్రం దగ్గర ఆగిపోయింది. చెయ్యి పూర్తిగా గుండ్రం తిరగాలి, సగంలో వణికి పడిపోతోంది. తల్లి అవస్థ చూడలేక ఆయన వెనకనుంచి వచ్చి, ఆమె చెయ్యి తన చేత్తో పట్టుకుని చక్కగా ఒక చుట్టు తిప్పాడు. సుడిగాలి లేచింది, భూతం ఎగిరిపోయింది. ఆయన చప్పట్లు కొట్టాడు. అత్త కడ్డీ కింద పెట్టేసింది.

"అది నీ మంత్రంరా. నాది కాదు" అంది. గొంతులో కోపం కూడా లేదు. ఉంటే బాగుండేది.

ఆ తర్వాత చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఈమధ్య ఓరగా తెరిచి ఉంటున్న వంటింటి తలుపు మళ్లీ మూసుకోవడం మొదలైంది. అప్పటికే మామిడి కొత్త దగ్గర పడుతోంది. కొత్త పండగంటే, చెట్టుకి కాసిన కాయ ముందు దేవతకి పెట్టి, ఊరంతా కలిసి తిన్న తర్వాతే ఎవరింట్లోనైనా తినాలి. ఆ రోజు అందరూ ఒకచోటే భోజనానికి కూర్చుంటారు. రేపో మాపో పండగనగా అత్త మెల్లగా చెప్పింది.

"నానింట్లోనే ఉంతాను. దొప్పలో ఏటైనా పంపీండి నాకు."

ఊరంతా కలిసి తినే పండగకి ఇంట్లో దొప్ప! ఆ పూట నేను మా ఆయనతో మాట్లాడలేదు. బడికి వెళ్లాను, పాఠం చెప్పాను, పిల్లల్ని కసిరాను. అన్యాయంగానే కసిరాను. సాయంత్రం వీధి మలుపు తిరిగేసరికి మా ఇంట్లోంచి ఆ కోట సంగీతం వినబడింది.

తలుపు దగ్గరే ఆగిపోయాను. అత్త ఒక్కతే ఉంది. పెట్టె తనే పెట్టుకుంది. స్విచ్చి వెయ్యడానికి ఎడంచెయ్యి పనికొస్తుందట, తర్వాత చెప్పింది, మంత్రానికే పనికిరాదు. కడ్డీ కుడిచేతిలో ఉంది. చుట్టు సగం తిరిగి చెయ్యి పడిపోయింది. మళ్లీ ఎత్తింది. పడిపోయింది. నేను లోపలికి వెళ్లలేదు, పిలవలేదు. ఎన్నిసార్లు పడిందో నేను లెక్కపెట్టలేదు, పెట్టే ధైర్యం లేదు. చివరికి ఒక చుట్టు వచ్చింది. గుండ్రంగా కాదు, కోడిగుడ్డులా వంకరగా. సుడిగాలి లేచింది. ఆమె ఎవరి వైపూ చూడలేదు, చూడ్డానికి అక్కడెవరూ లేరనుకుంది. భూతాల్ని మర్యాదగా సాగనంపి, కడ్డీ మంచం మీద పెట్టి, కుడి అరచెయ్యి మొహానికి దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూసుకుంది.

ఆ ఆట తయారుచేసినవాళ్లు ఏ దేశంలో ఉన్నారో నాకు తెలీదు. వాళ్లెవరూ మా అత్తలాంటి మనిషిని ఊహించుకుని ఉండరు. ఎవరో ఒకరు మాత్రం ఒకరోజు, ఆడేవాళ్లు పొట్టివాళ్లు కావొచ్చు, కూర్చుని ఉండొచ్చు, ముందు కొలతలు అడుగుదాం అనుకున్నారు. ఆ ఒక్క ఆలోచనకి వాళ్లకి దండం పెట్టుకుంటాను. పెట్టెని మొయ్యలేక మోసుకొచ్చిన మా తమ్ముడికీ, దాన్ని వదిలేసి మళ్లీ రాని ఆ మనిషికీ కూడా. ఎక్కడున్నా చల్లగా ఉండాలి. బంతి ఇచ్చిన అమ్మాయికి మాత్రం కోళ్లగంప సంగతి ఎవరూ చెప్పకండి.

మామిడి కొత్త రోజున అత్త ఉతికిన చీర కట్టుకుని, కర్ర తీసుకుని, ఎవరూ పిలవకముందే బయల్దేరింది. కాయలు దేవతకి పెట్టడం అయింది. మొదటి బంతికి అడ్డాకుల విస్తర్లు వేశారు. నేను వడ్డించడానికి అన్నం గిన్నె ఎత్తబోతుంటే అత్త అడ్డం వచ్చింది.

"నివ్వు కూకోయే. నాను పెడతాను" అంది.

కూర్చున్నాను. పక్కింటావిడ గిన్నె పట్టుకుని ఆమె పక్కన నడిచింది. అత్త కుడిచేత్తో గరిటె పట్టుకుంది. మొదటి విస్తరి దగ్గరే గరిటె వణికింది, అన్నం సగం బయట పడింది. రెండో విస్తరి దగ్గర కూర్చున్న ముసలాయన తన ఆకుని రెండు చేతులతో ఎత్తి గరిటె కిందకి తెచ్చాడు. అది చూసి పక్కనున్నామె ఎత్తింది. ఆ తర్వాత బంతంతా, ఆమె తమ దగ్గరికి రాగానే, ఎవరి ఆకు వాళ్లు ఎత్తి పట్టుకున్నారు. నేనూ ఎత్తాను. నా ఆకులో కొంత పడింది, నా ఒళ్లో కొంత పడింది. ఒళ్లో పడింది కూడా తిన్నాను.

చివరి బంతిలో అత్త కూర్చుంది. ఈసారి పప్పు గిన్నె నా చేతిలో ఉంది. ఆమె అన్నంలో చెయ్యి పెట్టింది. వేళ్లు మెల్లగా, చాలా మెల్లగా దగ్గరికొచ్చాయి. ముద్ద సగం జారింది, మిగిలిన సగం నోట్లోకి వెళ్లింది. అటూ ఇటూ జనం కూర్చుని ఉన్నారు, తింటున్నారు, మాట్లాడుకుంటున్నారు. ఆమె ఎవరి నుంచీ మొహం తిప్పుకోలేదు. రెండో ముద్ద తీసుకుంది. నాకు కళ్లనిండా నీళ్లు, గిన్నె కూడా సరిగ్గా కనబడటం లేదు. అత్త తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఏటే, అలా నిలబడిపోనావు? బేగి పప్పెయ్యి" అంది, బంతి మొత్తానికీ వినబడేలా.

వేశాను.